ఫర్నిచర్ చివరి ఎస్సుకై జరిగిన మహాసంగ్రామము

సూర్యుడు నడినెత్తి దిగి కిటికీ అద్దముల మీదికి జారుచుండగా, పంకాలు మూలుగుచుండగా, భోజనానంతర నిద్రాభారముచే గుమాస్తాల కనురెప్పలు వాలుచుండగా, రెండవ అంతస్తున, గడియ విరిగిన తలుపు గల గదియందు, కొత్త కుర్చీలు కోరుచు ఇంగ్లీషున ఉత్తరము టైపు చేసిన వీరవనిత గాథ వినుడు. ఓపిక లేనివారు లేచి పొండు.

ఆమె టైపిస్టు. దశాంగుళీ సేనాధిపతి. మరునాడు ఆమె ఏడేండ్ల కూతురు బడి పరుగుపందెమున పరుగెత్తనున్నది. అందుకై ఒక్కరోజు సెలవు కోరిన చీటీ సూపరింటెండెంటు బల్లపై గాజుగుండు క్రింద ఊపిరాడక పడియున్నది. "ముందు ఉత్తరం వెళ్ళనీ అమ్మా, తర్వాత లీవు సంగతి చూద్దాం" అని ఆ మహానుభావుడు సెలవిచ్చియుండెను.

ఆ కార్యాలయమున అనాదిగా ఒక ధర్మము కలదు. కాగితము చూచినవాడు ఏదో ఒకటి దిద్దవలెను. దిద్దనిచో చూడనట్లే లెక్క. తప్పు దొరకనిచో ఒప్పునే కొట్టివేయవలెను. అక్షరము దిద్దిన ప్రతిసారి కొత్త ప్రతి తీయవలెను, ఆఫీసరు దిద్దినచో మరల సూపరింటెండెంటు నుండి మొదలుపెట్టవలెను. పని చేయుట రానివారు పని చేసినట్లు కనబడుటకు ఇంతకంటె సులభోపాయము లేదు.

ఎన్ని కుర్చీలు గుట్టపోసినను ఫర్నిచర్ అను మాటకు ఎస్ చేరదని మన నాయిక ఎరుగును. కావున చేర్చలేదు. అంతట రక్తవర్ణలేఖినీధరుడు, పృథులోదరుడు, అర్ధనిమీలితనేత్రుడునగు సూపరింటెండెంటు మేఘగంభీరస్వరమున ఇట్లు పలికెను:

"ఏవమ్మా, పధ్నాలుగు కుర్చీలు, మూడు బీరువాలు అడుగుతున్నాం. ఎస్ లేకపోతే ఒక్క కుర్చీ పంపి చేతులు దులుపుకుంటారు పై ఆఫీసు వాళ్ళు. పెట్టు ఎస్."

పెట్టెను. రెండవ ప్రతి హరితమసీప్రభుడు, అనగా పచ్చసిరా దొర అగు ఆఫీసరు గదిలోనికి వెళ్ళెను.

"ఎవరండీ ఈ ఎస్ పెట్టింది? ఇంగ్లీషు రాకపోతే నన్ను అడగొచ్చు కదా?"

తీసెను. మూడవ ప్రతిలో ఎర్రసిరా మరల పెట్టెను. నాల్గవ ప్రతిలో పచ్చసిరా మరల తీసెను. వీరిరువురి ఇంగ్లీషును కలిపి తూచినను గుండుసూది బరువు తూగదు. ఐదవ ప్రతియందు విసిగిన నాయిక తానే ఎస్ పెట్టి సూపరింటెండెంటుకు సమర్పించెను.

"ఇదేంటమ్మా, ఇక్కడ ఎస్ ఎందుకు?" అని ఆయన దానిని అడ్డముగా కొట్టివేసెను.

"మీరే కదా సార్ పెట్టమన్నారు?"

"నేనా? నేనెందుకంటానమ్మా!"

నాలుగు గంటలకు ఫోను మ్రోగెను. "అమ్మా, రేపు నువ్వు గెలుపు తాడు దగ్గరే నిలబడతావు కదా? పోయినసారి రాలేదు" అని కూతురు.

"వస్తానే తల్లీ. నిలబడతాను" అని ఆమె చెప్పెను. పోయినసారియు ఇట్లే చెప్పియుండెను.

ప్రింటరు ముందు నిలిచి, కొట్టివేయబడిన ఆ అక్షరమును చూచి, మనమున ఆమె ఇట్లు ఘోషించెను: "ఓ వక్రదేహా! ఓ ఎస్సా! ఇంతదాకా నిన్నే శత్రువనుకొంటిని. నీవు నిరపరాధివి. ఈ కలములకు ఆకలి. మేత వేయనిచో కంటబడినదెల్ల మేసివేయును. కానిమ్ము, మేత నేనే వేసెదను!"

సూపరింటెండెంటు పైనుండి చదువుచు మొదటి తప్పు దొరకగానే చదువుట మానును. ఆఫీసరు తన పేరు చూచుకొనుటతో మొదలుపెట్టి క్రిందినుండి పైకి ఒక్క వాక్యము మాత్రమే చదువును. పదునొకండేండ్ల కొలువున ఆమె నేర్చిన విద్య ఇది. ఆరవ ప్రతిలో ఎస్ లేదు. "సర్" తరువాత కామాయు, చివరి వాక్యమునకు ఫుల్‌స్టాపును కూడ లేవు. ఆ రెండును కలముతో పెట్టదగినవే, కొత్త ప్రతితో పని లేదు.

ఎర్రసిరా కామా లేమిని చూచెను, వేటగానివలె పైబడెను. "కామా ఎవరు పెడతారమ్మా, మీ నాన్నా?"

"పొరపాటైంది సార్."

పచ్చసిరా చుక్కను పెట్టెను. "ఇంత చిన్న విషయం కూడా నేనే చూసుకోవాలి" అని నిట్టూర్చి సంతకము చేసెను. ఐదుకు పది నిమిషములుండగా ఉత్తరము కదలెను.

సూపరింటెండెంటు గాజుగుండును ఎత్తి, సెలవుచీటీపై ఎర్రగా, ఇంగ్లీషున "వన్ డే లీవ్స్ గ్రాంటెడ్" అని వ్రాసెను.

ఆమె ఆ ఎస్ ను చూచెను. దిద్దుటకు వ్రేళ్ళు దురదపెట్టెను. చీటీని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసికొని మెట్లు దిగెను.

జయము! ఒక కామాను, ఒక చుక్కను ఎరవేసి ఆ వీరమాత ఒక దినమును సంపూర్ణముగా జయించెను! కుర్చీలు నేటికిని రాలేదు. కూతురు ఐదుగురిలో నాల్గవదిగా వచ్చి, తాడు కడ నిలిచిన తల్లిని చూచి, తానే గెలిచినట్లు గంతులు వేసెను.