పిడి లేని తలుపులు

కొత్తగా ఇల్లు కట్టించుకోబోయే దంపతులు పది గంటలకు వస్తున్నారు. తన ఇంటినే చూపించి వాళ్ళను ఒప్పించాలని ఆ ఉదయం ఆర్కిటెక్టు అనుకున్నాడు. ఆయన ఇంట్లో ఏ తలుపుకూ పిడి ఉండదు. గోడలో గోడగా కలిసిపోయిన పలకను సరిగ్గా ఒకచోట నొక్కితే తెరుచుకుంటుంది.

బిస్కెట్ ఫ్యాక్టరీలో యంత్రాలు డిజైన్ చేసే ఆయన భార్య మొదట్లోనే చెప్పింది. "మా మెషీన్లలో చెయ్యి ఎక్కడ వెయ్యాలో చెప్పకుండానే తెలియాలండీ. లోపల మనిషి ఇరుక్కుంటే బయటపడే దారి ముందు గీస్తాం, మిగతాదంతా తర్వాతే."

"ఇది ఇల్లు. మెషీన్ కాదు," అని ఆయన కొట్టిపారేశాడు.

ఆమె డ్యూటీకి వెళ్ళగానే, ముందురోజే వచ్చిన అత్తగారి గొంతు బాత్రూంలోంచి వినబడింది.

"బాబూ, తలుపెక్కడుంది?"

"మీ ఎదురుగానే అత్తయ్యా! నొక్కండి."

"అన్నీ నొక్కాను. ఒకచోట నొక్కితే నెత్తిమీద నీళ్ళు పడ్డాయి."

కంగారులో ఆయన బయటినుంచి భుజంతో ఒక్క తోపు తోశాడు. పలక లోపలికి దిగి బిగుసుకుపోయింది. పక్క స్టోర్‌రూములోంచి ఏదైనా దారి దొరుకుతుందేమోనని అందులోకి దూరాడు. ఆ తలుపు ఆయన వెనకాల చప్పుడు లేకుండా మూసుకుంది. చీకట్లో నాలుగు గోడలూ తడిమాడు. అన్నీ ఒకేలా నున్నగా ఉన్నాయి.

"నువ్వూ ఇరుక్కున్నావా, నాయనా?" అంది అత్తగారు గోడ అవతలినుంచి. "భయపడకు, నేనున్నాగా."

ఆయన సిగ్గుతో చచ్చిపోతూ భార్యకు ఫోన్ చేశాడు. ఆమె వచ్చేదాకా అత్తగారే కబుర్లు చెప్పింది. "నువ్వు గీసిన బొమ్మలన్నీ మా అమ్మాయి దాచుకుంటుంది, తెలుసా? ఇల్లు ముచ్చటగా ఉంది బాబూ. బయటికొచ్చే దారి కూడా ఉంటే ఇంకా బాగుండేది."

ఆయనకు నవ్వొచ్చింది. "చలేస్తోందా అత్తయ్యా?" అని మళ్ళీ అడిగాడు.

భార్య, దంపతులు ఒకేసారి గుమ్మంలోకి వచ్చారు. కాలింగ్ బెల్ కూడా గోడలోనే కలిసిపోవడంతో ఆ దంపతులు అప్పటిదాకా బయట గోడ తడుముతున్నారు. భార్య ఫ్యాక్టరీనుంచి తెచ్చిన, గాలి పీల్చి అతుక్కునే రబ్బరు కప్పును రెండు పలకలకూ అంటించి లాగింది. ముందు తడిసిన తల్లి, తర్వాత ఒళ్ళంతా బూజు అంటిన మొగుడు బయటపడ్డారు.

ఇక పని చేజారినట్టేనని ఆయన తల దించుకున్నాడు.

"నా అల్లుణ్ణి ఏమీ అనకండమ్మా," అంది అత్తగారు తల తుడుచుకుంటూ. "తనే చీకట్లో ఉండి కూడా నాకు చలేస్తోందా అని పదిసార్లు అడిగాడు."

ఇల్లు చూడవచ్చినావిడ తన భర్త వైపు చూసి నవ్వింది. "మా అమ్మ కూడా మాతోనే ఉంటుందండీ. ఇల్లు మీరే గియ్యండి. కాకపోతే మీ ఆవిడ చూసి సరేనన్నాకే కడదాం."

మర్నాడు ఆర్కిటెక్టు బయటపడే దారి ఎలా గీస్తారో యంత్రాల దగ్గర నేర్చుకుంటానని భార్య వెంట ఫ్యాక్టరీకి బయలుదేరాడు. వాచ్‌మన్ ఆమెకు నమస్కారం పెట్టి, పాసు లేదని ఆయన్ని గేటు బయటే ఆపేశాడు.