మాల్యాద్రి బావికి జరిగిన మర్యాద

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల పెద్దమనుషులకూ, వారిలా కావాలని ఆశపడే చిన్నమనుషులకూ ఒక శుభవార్త. అప్పు కింద కోర్టు డిక్రీ పడినవాడికి ఈ దేశంలో మళ్లీ అప్పు పుట్టదని గిట్టనివాళ్లు కొందరు ప్రచారం చేస్తున్నారు. అది శుద్ధ అబద్ధం. బండమీదపల్లె రైతు మాల్యాద్రికి డిక్రీ పడిన ఏడాదిలోపే భూమి తనఖా మీద అప్పు దొరికింది. మామూలుగా దొరకడం కాదు, ఇచ్చే ఆసామి మిట్టమధ్యాహ్నం బండి కట్టించుకుని ఇంటి ముందుకు వచ్చి మరీ ఇచ్చాడు. ఇంత వైభవం అతనికి ఎలా పట్టిందో లోకోపకారం కోసం రాసి పెడుతున్నాను.

ధాత నామ సంవత్సరపు కరువులో మాల్యాద్రి తన ఎద్దుల మేత కోసం ఆత్మకూరు నారాయణయ్య గారికి నోటు రాసి డబ్బు తెచ్చాడు. నారాయణయ్య గారు వడ్డీ వ్యాపారం చేసుకునే పుణ్యాత్ములు. మేత రావడం ఆలస్యమైంది, ఎద్దులు పోవడం మాత్రం ఆలస్యం కాలేదు. వడ్డీకి మేతతో పని లేదు గనుక అది ఒక్కటీ ఆ కరువులో బాగా బలిసింది. దాని ఆరోగ్యం చూసి ముచ్చటపడి నారాయణయ్య గారు దావా వేశారు.

ఆ రోజుల్లో మాల్యాద్రి, అతని భార్య రామలక్ష్మమ్మ కలిగిరి దారిలో సర్కారు వారి కరువు పనిలో కంకర కొడుతున్నారు. పొద్దున్నే సర్కారు మేస్త్రీ అతని పేరు పిలిచేవాడు, అతను పలికేవాడు. అయినా అతను ఎక్కడున్నాడో సర్కారు బంట్రోతుకు తెలియలేదు. ఇందులో వింతేమీ లేదు, ఒక సర్కారు కచేరీ సంగతిలో ఇంకో కచేరీ తలదూర్చడం మర్యాద కాదు. బంట్రోతు చట్టప్రకారం సమను కాగితాన్ని తలుపుకు అంటించబోయాడు. తలుపును అంతకుముందే జొన్నలకు అమ్ముకున్నారు గనుక రాగిపిండి జిగురుతో గోడకు అంటించి పోయాడు. మర్నాటికి కాగితం కింద పడి ఉంది, జిగురు లేదు. కరువు రోజుల్లో రాగిపిండిని గోడ మీద వదిలిపెట్టేదెవరు? మేక నాకిందో మనిషి నాకాడో ఇప్పటికీ తేలలేదు. కోర్టువారు మాల్యాద్రి కోసం చూసి చూసి, ప్రతివాది రాలేదని మిక్కిలి చింతించి, డిక్రీ ఇచ్చేశారు.

మాల్యాద్రికి ఉన్నదల్లా కొండ వాలున ఒక చేను, అందులో వాళ్ల నాయన బండ పగలగొట్టి తవ్విన బావి. ధాత కరువులో చుట్టుపక్కల బావులన్నీ నోళ్లు తెరిచినా ఈ బావి ఎండలేదు. ఊరు ఊరంతా ఆ నీళ్లే తాగి బతికింది. మాల్యాద్రి ఎంత తెలివితక్కువవాడంటే, ఎవరి దగ్గరా చిల్లిగవ్వ పుచ్చుకోలేదు. కనీసం చుట్టూ కంప కూడా వేయలేదు. ఇప్పుడు డిక్రీ జారీలో ఆ చేనే వేలానికి రాబోతోంది.

"ఎద్దులు పోతే పోయినాయి, బావి ఉంటే బతకతాం. బావి కూడా పోతే ఇంకేందయ్యా మనకుండేది?" అంది రామలక్ష్మమ్మ.

వేలంలోపు ఎక్కడైనా చేను తనఖా పెట్టి డిక్రీ బాకీ కట్టేయడం ఒక్కటే దారి. మాల్యాద్రి తుండుగుడ్డ భుజాన వేసుకుని బయల్దేరాడు. కలిగిరి ఆసామి కూర్చోమని పీట వేసి, డిక్రీ మాట వినగానే పీట లాగేశాడు. అనంతసాగరం ఆసామి జాలిగుండె గలవాడు. డిక్రీ లేని మనిషిని ఒకణ్ణి జామీను తెస్తే ఆలోచిస్తానన్నాడు. మాల్యాద్రి ఊరూరా వెతికాడు. కరువు దాటివచ్చినవాళ్లలో డిక్రీ లేనివాళ్లు ఎవరంటే, బతికి బాకీ కడతారన్న నమ్మకం లేక ఎవరూ అప్పివ్వనివాళ్లు. వాళ్ల జామీను ఆసామికి నచ్చలేదు.

చివరికి మాల్యాద్రి సిగ్గు విడిచి నారాయణయ్య గారి అరుగు ముందే నిలబడ్డాడు.

"నీకు ఇంతకుముందు ఒకాయన అప్పిచ్చి అన్యాయమైపోయినాడు గదా అబ్బయా. చూసి చూసి నేనెట్టా ఇచ్చేది?" అన్నారు నారాయణయ్య గారు.

"ఆ ఒకాయన తమరే గదయ్యా!"

"అందుకే గదా ఆయన పడిన బాధ నాకంత బాగా తెలిసింది!" అని ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఇటువంటి సున్నిత మనస్కులు మన వర్తకుల్లో ఎంతమంది ఉన్నారు చెప్పండి!

ఇక జప్తు. కోర్టు అమీను పీర్ సాహెబ్ గారు తట్టు గుర్రం మీద బండమీదపల్లెకు వేంచేశారు. తన భూమి పట్టుకుపోవడానికి వచ్చిన అధికారికి భోజనం పెట్టవలసింది ఆ భూమిగలవాడే అన్నది మన పక్క పాత ఆచారం. సర్కారు మనిషి మన ఊరి పొలిమేరలో పస్తున్నాడంటే ఎంత తలవంపు! రామలక్ష్మమ్మ మస్తానయ్య ఇంట బియ్యం చేబదులు తెచ్చి వండి పెట్టింది. మస్తానయ్య పక్క చేనువాడు, మంచి మాటకారి. కరువులో ఎనిమిది నోళ్ల సంసారాన్ని ఈ బావి నీళ్లతో నెట్టుకొచ్చినవాడు. పీర్ సాహెబ్ గారు తృప్తిగా తిని, చల్లగా చేతులు కడుక్కుని, తప్పెట వాయించేవాణ్ణి వెంటబెట్టుకుని చేను మీదికి వెళ్లారు. ఊరంతా వెనకే నడిచింది.

"బావిలో నీళ్లుండాయా?" అని అడిగారు అమీను గారు కలం తీసి.

ఇక్కడ పరాయి ప్రాంతం పాఠకులకు ఒక మాట చెప్పాలి. మా మెట్ట సీమలో బతికున్న బావి గట్టున నిలబడి 'నీళ్లు లేవు' అని ఎవరూ అనరు. అంటే గంగమ్మ ఆ మాట విని వెళ్లిపోతుందని భయం. పసిపిల్లలు కూడా అనరు. ఆ రోజు అన్నది రామలక్ష్మమ్మ ఒక్కతే.

"ఏం నీళ్లు సాయిబూ! అడుగున రవ్వంత బురదుండాది, అంతే," అంది. నీళ్లు లేని రాళ్లచేనుకు వేలంలో పాట పాడేవాడు ఉండడని ఆమె లెక్క.

మస్తానయ్య ముందుకు దూకాడు.

"శివశివా! ఏం మాటమ్మా అది! అమీను సాయిబూ, మీరు రాసుకోండి. ధాత కరువులో పెన్నలో ఇసక తప్ప ఏం లేనప్పుడు ఈ బావి మా ఊరిని బతికించినాది. నా బిడ్డలు ఈ నీళ్లతో బతికినారు. ఇట్టాంటి బావి ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా లేదు! మా మాల్యాద్రి మహారాజు. ఆ మాట కోర్టువారికి తెలియాల. నా పేరు సాక్షిగా వేసుకోండి!"

"నీకు దండం పెడతా, నోరు మూసుకో అన్నా," అంది రామలక్ష్మమ్మ.

కానీ అప్పటికే ఊరంతా సాక్ష్యానికి ఎగబడింది. తాగిన నీళ్లకు కృతజ్ఞత చూపించే అవకాశం రోజూ వస్తుందా? నా పేరంటే నా పేరని నిశానీలు పెట్టారు. పీర్ సాహెబ్ గారు మాల్యాద్రి వైపు తిరిగి, "నువ్వు చెప్పు బాబూ, ఉండాయా, లేవా? నువ్వు లేవంటే అట్నే రాసుకుంటా," అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన కన్ను గీటారని రామలక్ష్మమ్మ నేటికీ అంటుంది.

మాల్యాద్రి ఊరి జనాన్ని చూశాడు. పీట లాక్కున్న కలిగిరి ఆసామి మొదలు, అన్ని గడపల్లోనూ ఛీ అనిపించుకుని వచ్చిన మనిషి. ఇన్నాళ్లకు నలుగురు తనను మహారాజన్నారు. ఛాతీ ఉబ్బింది.

"ఉండాయి సాయిబూ. నాకు తెలిసి ఎన్నడూ ఎండలేదు," అన్నాడు.

'ధాత కరువునందును ఎండని బావి ఒకటి' అని అమీను గారు రాసుకున్నారు. ఆ మాటలతోనే ఉదయగిరి వీధుల్లో తప్పెట వేసి వేలం చాటించారు. తప్పెట చప్పుడు ఎక్కడెక్కడ వినబడాలో అక్కడ వినబడింది. పీట లాగేసిన కలిగిరి ఆసామి వేలం ఏనాడని ఆరా తీశాడు. జామీను అడిగిన అనంతసాగరం ఆసామి బండి ఇరుసుకు ఆముదం పెట్టించాడు. చౌకగా తన పాలబడుతుందనుకున్న రాళ్లచేనుకు ఇంతమంది పోటీ వస్తున్నారని తెలిసి నారాయణయ్య గారికి అన్నం సయించలేదు. ఆ మధ్యాహ్నమే ఆయన బండి మాల్యాద్రి ఇంటి ముందు ఆగింది.

"నాయనా మాల్యాద్రీ! నీకు కష్టమొస్తే నా దగ్గరికి రాకుండా ఎవరి దగ్గరికి పోతావురా?" అన్నారు దిగుతూనే.

షరతులు చాలా ధర్మంగా ఉన్నాయి. అప్పుకు వడ్డీ లేదు. అసలు తీర్చేదాకా చేనూ బావీ అప్పిచ్చినవారి స్వాధీనంలో ఉంటాయి, అంతే. వడ్డీ లేదన్న మాట మాల్యాద్రికి వినబడింది, స్వాధీనమన్న మాట రామలక్ష్మమ్మకు వినబడింది. "నీళ్లు వాళ్లవయితే మనం ఏం పండించి అసలు తీర్చేది?" అని ఆమె అడిగింది. ఆడవాళ్లకు లెక్కలు తెలియవని మస్తానయ్య నవ్వాడు. వేలమైతే బావి ఎవడి పాలో అవుతుంది, తనఖా అయితే ఎప్పటికైనా మనదే గదా అని ఊరు నచ్చజెప్పింది. వేలం ఎల్లుండి. మాల్యాద్రి తలూపాడు.

రిజిస్ట్రారు కచేరీలో కార్యం కన్నులపండువుగా జరిగింది. డిక్రీ ఉన్నది నారాయణయ్య గారి పేర. అదే పేర తనఖా కూడా ఉంటే బాగుండదని దాన్ని ఆయన భార్య కామాక్షమ్మ గారి పేర రాయించారు. కామాక్షమ్మ గారు వెంట తెచ్చిన పెట్టెలోంచి డబ్బు సంచి తీసి మాల్యాద్రి చేతికిచ్చారు. మాల్యాద్రి దాన్ని నారాయణయ్య గారి చేతికిచ్చి డిక్రీ చెల్లు పెట్టించాడు. నారాయణయ్య గారు దాన్ని భార్య చేతికిచ్చారు. ఆమె మళ్లీ పెట్టెలో పెట్టి మూత వేశారు. ఇంత ప్రయాణంలోనూ ఆ సంచి మూతి ముడి విప్పలేదు. ఒక్క గుక్క ఊపిరి పట్టినంతసేపు మాల్యాద్రి అంత సొమ్ముకూ యజమాని, అది మాత్రం ఎవరూ కాదనలేరు.

"డిక్రీ పడినవాణ్ణి లోకం వెలివేస్తుంది. అటువంటివాణ్ణి చెయ్యిపట్టి లేపడమే మా వంశాచారం!" అని నారాయణయ్య గారు కచేరీ అరుగు మీద ఉపన్యసించారు. మస్తానయ్య చప్పట్లు కొట్టాడు.

మర్నాడు పొద్దున బావి చుట్టూ కంప పడింది. కావలివాడు కర్ర పట్టుకుని కూర్చున్నాడు. కడవకు గుప్పెడు గింజలు ఇచ్చి తోడుకోవాలన్నాడు. ఊరికి కోపం వచ్చింది, వచ్చి తిన్నగా మాల్యాద్రి గుమ్మం ముందు నిలబడింది.

"అప్పు చేసింది నువ్వు, గింజలు మేమియ్యాల్నా? ఆ రోజు నీళ్లు లేవని ఒక్క మాటంటే సరిపొయ్యేది గదా!" అని అరిచాడు మస్తానయ్య.

రామలక్ష్మమ్మ గడపలోకి వచ్చింది. "అన్నదాన్ని నేనే గదన్నా, నా నోరు నొక్కింది మీరే గదా," అంది. అందరూ ఆ మాట అమర్యాదగా ఉందనుకుని వెళ్లిపోయారు.

ఎండాకాలం వచ్చింది. నారాయణయ్య గారికి ధర్మబుద్ధి పుట్టి, ఉదయగిరి బాట పక్కన తాటాకు పందిరి వేయించి, కొత్త కుండలు పెట్టించి, ఆ బావి నీళ్లతోనే చలివేంద్రం తెరిచారు. బాటసారులకు ఉచితం! ఊరివాళ్లు ఆనందంతో సభ చేశారు. "ఎంత కరువొచ్చినా ఎండనిది నారాయణయ్య గారి దయ!" అని మస్తానయ్య గద్గద స్వరంతో అన్నాడు. ఆ వాక్యాన్ని రాతి పలక మీద చెక్కించాలని తీర్మానించారు. నీళ్లు పోయడానికి మనిషి కావలసివస్తే, ఆ బావి సంగతి తెలిసినవాడని మాల్యాద్రిని కూలికి పెట్టారు. డిక్రీ పడినవాడికి ఉద్యోగం కూడా దొరకదంటారే, చూశారా!

ఒక మధ్యాహ్నం రామలక్ష్మమ్మ కట్టెలమోపు దించి పందిట్లోకి వచ్చింది. అక్కడ నీళ్లు తాగేముందు 'ధర్మప్రభువులు చల్లగా ఉండాల' అనడం అప్పటికే ఆచారమైపోయింది. ఆమె అనలేదు. దోసిలి పట్టింది, మాల్యాద్రి ముంతతో పోశాడు. రెండు గుక్కలు మింగి ఆగింది.

"ఇవి మన బావి నీళ్లే గదయ్యా?"

మాల్యాద్రి అటూ ఇటూ చూశాడు. "గట్టిగా అనబాక. ఈ పని కూడా పోతుంది," అన్నాడు.

ఆమె మిగిలిన నీళ్లు నేల మీద వదిలేసి మోపు ఎత్తుకుని వెళ్లింది. దాహంతో ఉన్న మనిషి నీళ్లు పారబోయడం ఎంత పొగరని పందిట్లోవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు.

ఆ బాటన వెళ్లే పాఠకులు తప్పక ఆగి దాహం తీర్చుకోవచ్చు. నీళ్లు చల్లగా, తియ్యగా ఉంటాయి. ముంతతో పోసే మనిషి ముఖం వైపు మాత్రం చూడకండి. ఇవి ఎవరి బావి నీళ్లని అసలే అడగకండి. ఇంతవరకు అక్కడ తాగిన మర్యాదస్తులెవరూ అడగలేదు.