పెళ్లికారు వెనక చెక్క

ముందుగా ఒక క్షమాపణ. నేను అక్షరాలు దిద్దింది యాభై తొమ్మిదో ఏట, మా చర్చి వెనక గదిలో, మనవరాలి పలక మీద. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ రాయడానికి రెండు పూటలు పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. నేను నెమ్మదే గానీ ఈ కథలో కారు నెమ్మది కాదు.

ఆ ఆదివారం పొద్దున ఇమాం హుస్సేన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ప్రత్తిపాడులో మేనల్లుడు షానవాజ్‌ను కారెక్కించుకోవాలి. పదకొండున్నరకు వేటపాలెంలో పెళ్లికూతురు ఇంటి ముందు దించాలి. సాయంత్రం కారును గుంటూరు తీసుకెళ్లి యజమానికి అప్పగించాలి. ఇందులో తప్పు జరగడానికి చోటే లేదని అతను అనుకున్నాడు.

యజమాని హయాత్ గారికి గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. ఇమాం హుస్సేన్ ఆయన దగ్గర ఇరవై రెండేళ్లుగా డ్రైవరు. తోలేది ఇంటి పెద్ద కారు. ఇది వేరు. బావమరిది దగ్గర హయాత్ గారు ఏడాది కిందట కొన్న స్పోర్ట్స్ కారు. తెల్లనిది, మనిషి నడుం ఎత్తు కూడా ఉండదు. ఇంజను వెనక, డిక్కీ ముందు. దాన్ని ఆయన తప్ప ఎవరూ తోలరు. మేనల్లుడి పెళ్లికి ఒక్కరోజు ఇప్పించమని ఇమాం హుస్సేన్ అడిగితే ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నారు.

"హుస్సేనూ, ఇన్నేళ్లలో నువ్వు నన్ను ఏమీ అడగలేదు. అందుకని ఇస్తున్నా. రెండే మాటలు. ఒక్క గీత పడకూడదు. అరవై దాటకూడదు. ఏది తప్పినా ఆ రోజుతో నా దగ్గర నీ పని అయిపోయినట్టే."

"మీ కారు మీద ఈగ కూడా వాలదండి," అన్నాడు ఇమాం హుస్సేన్.

మొదటి గొడవ ప్రత్తిపాడులో ఇంటి ముందే మొదలైంది. పెళ్లికొడుకు తల్లి మస్తాన్‌బీ కొత్త చీర కట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి తొంగి చూసింది.

"ఏరా తమ్ముడూ, వెనక సీటేది?"

"ఉండదక్కా. ఈ కారుకి రెండే సీట్లు."

"రెండేనా? స్కూటరుకీ రెండే గదరా. దీనికింత హంగామా ఎందుకు?"

"నువ్వు వెనక టెంపోలో అందరితో రా అక్కా."

"కన్నతల్లిని టెంపో ఎక్కమంటున్నావు. సరే, నీ ఇష్టం. ఎక్కుతా," అని ఆమె వెళ్లి టెంపోలో ముందు సీట్లో, డ్రైవరు నాగూర్ వలి పక్కన కూర్చుంది. ఆ కూర్చోవడంలోనే ఇవాళ మళ్లీ మాట్లాడదని అందరికీ అర్థమైంది.

పెళ్లికొడుకును కారులో కూర్చోబెట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మొహం మీద మోకాళ్ల దాకా వేలాడే పూల సెహరా, కింద నేలకంటుకున్నట్టున్న సీటు. ముందు కాళ్లు పెడితే తల పట్టదు, ముందు తల పెడితే సెహరా తెగుతుంది. చివరికి నలుగురు పట్టుకుని మడిచినట్టు లోపలికి తోశారు. కారు వెనక అద్దం మీదా, దాని కింద మూత మీదా పూలవాడు బంతిదండలు ఒత్తుగా అతికించాడు. డ్రైవరుకు వెనక ఏమీ కనబడదు. పెళ్లి రోజున వెనక్కి చూసే పనేముందని ఇమాం హుస్సేన్ పట్టించుకోలేదు.

పెదనందిపాడు దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది. రెండు పక్కలా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు ఎండుతున్నాయి. ఇమాం హుస్సేన్ సూదిని అరవై దగ్గర నిలిపి, దానికేసే చూస్తూ పోతున్నాడు. అప్పుడు నాగూర్ వలి టెంపో హారను మోగించుకుంటూ పక్కనుంచి దాటిపోయింది. కిటికీల్లోంచి చుట్టాలందరూ చేతులూపారు. మస్తాన్‌బీ మాత్రం ఊపలేదు.

సెహరా వెనక నుంచి షానవాజ్ గొంతు వినబడింది. అతనిది ప్రత్తిపాడులో సెల్‌ఫోన్ల షాపు.

"మామా, మనల్ని దాటింది టెంపోనేనా?"

"పోనీరా."

"రేపు షాపుకొచ్చిన ప్రతివాడూ అడుగుతాడు మామా, స్పోర్ట్స్ కారులో పోతూ టెంపో వెనక వెళ్లావంట గదా అని. నేనేం చెప్పాలి?"

ఇమాం హుస్సేన్ జాలిగుండె మనిషి. కాలు కాస్త ఆనించాడు, అంతే. ఆ కారుకు అరవై అంటే నిద్రలో ఉన్నట్టు. అది మేలుకుని, టెంపోను దాటి, సూదిని వంద దగ్గర పెట్టింది.

టెంపోలో మస్తాన్‌బీ చూస్తూ ఉంది. ముందు పోతున్న కారు వెనక భాగం ఇప్పటిదాకా బల్లలా చదునుగా ఉంది. అందులోంచి రెండు మూరల వెడల్పున్న చెక్కలాంటిది ఒకటి, రెండు ఇనప కాళ్ల మీద, మెల్లగా, ఎవరూ ముట్టుకోకుండా పైకి లేచి నిలబడింది. దాని మీదున్న బంతిపూలు గాలికి చెల్లాచెదురై టెంపో అద్దానికి కొట్టుకున్నాయి. మస్తాన్‌బీ నోట మాట రాలేదు. తరవాత వచ్చింది, ఫోన్లో.

"ఒరేయ్, ఆపరా. కారు వెనక ఊడిపోతోంది."

ఇమాం హుస్సేన్ వేగం తగ్గించి పక్కకు తీశాడు. కారు నెమ్మదించగానే ఆ చెక్క లేచినంత మెల్లగానూ కిందికి దిగి సర్దుకుంది. అతను దిగి వెనక్కి వచ్చేసరికి అంతా చదునుగా, తెల్లగా, నున్నగా ఉంది.

"ఏదక్కా ఊడింది?"

"ఇందాక లేచిందిరా. చెక్క. ఇంత ఎత్తున."

"ఏ చెక్క? చూపించు."

ఆమె చెయ్యి చూపించింది. అక్కడ ఏమీ లేదు. ఇమాం హుస్సేన్ అక్క మొహంకేసి చూసి, తల పంకించాడు.

"అక్కా, నీకు కారులో కూర్చోవాలనుంటే వచ్చేటప్పుడు కూర్చోబెడతాలే. ఇట్టా నడిరోడ్డు మీద ఆపొద్దు."

"నేను అబద్ధం చెబుతున్నానా?"

"చెబుతున్నావనలేదు. ఎండలో కళ్లు బైర్లు కమ్మాయేమో అంటున్నా."

ఈ మాటలకు పది నిమిషాలు పోయాయి. వేటపాలెం నుంచి ఫోను వచ్చింది. ఖాజీ గారికి మధ్యాహ్నం ఇంకో నిఖా ఉంది, త్వరగా రమ్మన్నారు. పోయిన పది నిమిషాలను పట్టుకోవడానికి ఇమాం హుస్సేన్ ఈసారి ఇంకాస్త గట్టిగా తొక్కాడు. చెక్క లేచింది. ఫోను మోగింది. ఆపాడు. చెక్క దిగింది. దిగి చూస్తే ఏమీ లేదు. ఇంకో పది నిమిషాలు పోయాయి. వాటి కోసం ఇంకా వేగంగా పోవాల్సి వచ్చింది.

మూడోసారి ఆపినప్పుడు మస్తాన్‌బీ టెంపో దిగలేదు. పెళ్లికొడుకు చెల్లెలు అనీసా దిగి, ఫోనులో తీసిన వీడియో మామయ్య మొహం ముందు పెట్టింది. తెల్ల కారు, బంతిపూలు, వాటి మధ్యలోంచి లేస్తున్న చెక్క.

ఇమాం హుస్సేన్ దాన్ని రెండుసార్లు చూశాడు. అక్కడే ఉన్న మైలురాయి మీద కూర్చుండిపోయాడు. అక్కడి నుంచే అన్నాడు:

"ఇరవై రెండేళ్లలో నేను తోలిన బండిలోంచి ఏదీ లేవలేదు."

"లోపల స్ప్రింగు విరిగి ఉంటది," అన్నాడు నాగూర్ వలి. "ఈసారి లేస్తే మళ్లీ దిగదు. ఎగిరిపోయి పొలాల్లో పడుతుంది."

అది ఎగిరిపోతే తన ఉద్యోగమూ దాంతోనే ఎగిరిపోతుందని ఇమాం హుస్సేన్‌కు కనబడుతూనే ఉంది. తెలిసిన మెకానిక్‌కు ఫోను చేశాడు. ఆదివారం, ఎత్తలేదు. హయాత్ గారికి చేసే ధైర్యం లేదు. అప్పుడు టెంపో వెనక సీట్లోంచి బుడాన్ దిగాడు. మస్తాన్‌బీ మరిది. గుంటూరు మిర్చి యార్డులో హమాలీల ముఠాకు మేస్త్రి. టిక్కీలని అక్కడ మిరపకాయల బస్తాలను అంటారు. లారీ మీద ఎన్ని టిక్కీలెక్కించినా బుడాన్ తాడు బిగిస్తే ఢిల్లీ దాకా ఒక్కటి కదలదని పేరు.

"లేచేదాన్ని లేవకుండా కట్టడమే గదా బావా. దీనికింత ఏడుపు దేనికి?" అని టెంపో మీద నుంచి తన జనపనార తాడు దించాడు.

"గీత పడుతుంది బావా."

"కింద నీ కండువా వెయ్యి."

కొత్త లాల్చీతో బుడాన్ రోడ్డు మీద వెల్లకిలా పడుకుని, కారు కింద నుంచి తాడు దూర్చి, వెనక మూత మీదుగా రెండు చుట్లు తిప్పి, మోకాలు ఆనించి లాగి, యార్డు ముడి వేశాడు. కండువా ఒక చుట్టుకు కూడా చాలలేదు.

తరవాతి ప్రయాణం గురించి షానవాజ్ ఇప్పటికీ వివరంగా చెప్పడు. వేగం పెరిగేకొద్దీ వీపు వెనక ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు చప్పుడు. ముందు మీటర్ల దగ్గర ఎర్ర దీపం ఒకటి వెలిగి ఆరలేదు. సెహరా వెనక అతను వచ్చిన దువాలన్నీ చదివేశాడు.

వేటపాలెంలో పెళ్లికూతురు తండ్రి రహమాన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, ప్రతి డబ్బా మూత చూసి గానీ బయటికి పంపని మనిషి. ఆయన కారుకేసి, తాడుకేసి, మళ్లీ కారుకేసి చూశాడు.

"అల్లుణ్ణి తెచ్చారా, సరుకు తెచ్చారా?"

ఆ వీధి కుర్రాళ్లు అది కొత్త ఫ్యాషననుకుని తాడు పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఖాజీ గారు చెప్పులు వేసుకుంటున్నవారు మళ్లీ విడిచారు. నిఖా బాగానే జరిగింది.

భోజనాల తరవాత బుడాన్ ముడి విప్పాడు. తాడు తీయగానే ఇమాం హుస్సేన్ వంగి చూశాడు. తెల్లటి మూత మీద, ఈ చివర నుంచి ఆ చివరకు, రెండు ఎర్రటి గీతలు.

"రంగు లేచిపోయింది," అన్నాడు నెమ్మదిగా. "కింద ఎర్రది బయటపడింది."

"తుడిచి చూద్దామా?" అంది అనీసా.

"ముట్టుకోవద్దు. ఉన్నదీ పోతుంది."

అతను బిర్యానీ తినలేదు. సాయంత్రం అరవై కాదు, నలభై మీద గుంటూరు చేరాడు. తమ్ముడి మొహం చూసి మస్తాన్‌బీ కోపం మరిచిపోయి, వెనకే టెంపోలో బుడాన్‌ను, అనీసాను కూడా లాక్కొచ్చింది. తప్పు కట్టినవాడిది గానీ తోలినవాడిది కాదని చెప్పిద్దామని.

హయాత్ గారు వాకిట్లోకి వచ్చారు. ఇమాం హుస్సేన్ తాళాలు రెండు చేతులతో అందించి, తల దించుకుని గీతలు చూపించాడు. ఆయన వంగి చూశారు. బొటనవేలితో ఒక గీత మీద రుద్దారు. వేలు ఎర్రగా అయింది, కింద కారు తెల్లగానే ఉంది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని మూడుసార్లు తుమ్మారు.

"ఇది గీత కాదు హుస్సేనూ," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "మిరప కారం. తేజ రకం."

బుడాన్ తాడు పదేళ్లుగా మిర్చి టిక్కీలకే కడుతున్నది. ఇమాం హుస్సేన్‌కు ఆ క్షణంలో పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో అతను అడగకుండానే అంతా చెప్పేశాడు.

"నేను తప్పేం చేయలేదండి. కారు వెనక నుంచి చెక్క లేస్తుంటే, అది పోకుండా కట్టాం, అంతే."

హయాత్ గారు తుమ్మడం ఆపేశారు.

"ఏం లేచింది?"

"చెక్కండి. దానంతటదే. మూడుసార్లు. వీడియో కూడా ఉంది."

అనీసా ఫోను ఇచ్చింది. ఆయన చూశారు. కారు, పూలు, లేస్తున్న చెక్క. చివర్లో టెంపో డ్రైవరు గొంతు స్పష్టంగా వినబడింది: "నేను తొంభై మీదున్నా, అయినా అందట్లేదు. వంద దాటించాడు మీ తమ్ముడు."

గీత నుంచి బయటపడి, తన నోటితోనే తాను వేగంలో పడ్డానని ఇమాం హుస్సేన్‌కు అప్పుడు తెలిసింది. తాళాలు ఇందాకే ఇచ్చేశాడు, ఇవ్వడానికి ఇంకేమీ లేదు.

హయాత్ గారు అరుగు మీద కూర్చున్నారు. ఆయన మొహం ఇమాం హుస్సేన్ మొహం కంటే పాలిపోయి ఉంది.

"అది చెక్క కాదు. రెక్క. వేగంగా పోతే కారు వెనక భాగం తేలిపోతుందట. అది లేచి నేలకేసి నొక్కి పట్టుకుంటుందట. మా బావమరిది అమ్మేటప్పుడు చెప్పాడు. ఏడాదిగా అద్దంలో చూస్తూనే ఉన్నా, ఒక్కసారి లేవలేదు. సోకు కోసం అతికించిన రేకు నాకు అంటగట్టావురా అని, వాళ్లమ్మాయి పెళ్లిలో, అందరి ముందూ తిట్టాను. వేగంగా తోలితే లేస్తుంది బావా అన్నాడు. నేను వేగంగానే తోలుతున్నానురా అన్నాను."

"ఎంత మీద తోలారండి?" అడిగింది మస్తాన్‌బీ.

"అరవై," అన్నారు హయాత్ గారు.

బుడాన్‌కు మాత్రం ఒక సందేహం మిగిలిపోయింది.

"నేలకేసి నొక్కడానికే అయితే అంత యంత్రం ఎందుకయ్యా? వెనక రెండు టిక్కీలు పడేస్తే పోలా?"

హయాత్ గారు వినలేదు. ఫోను తీసి, నెలల తరబడి నొక్కని పేరు నొక్కారు. అవతల ఎత్తారు. ఈయన గొంతు సవరించుకున్నారు. "లేచిందిరా," అన్నారు. మళ్లీ చాలాసేపు వింటూ ఉండిపోయారు. అవతలివాడికి అన్ని నెలలూ దాచుకున్న మాటలున్నట్టున్నాయి.

ఫోను పెట్టేశాక తాళాలు ఇమాం హుస్సేన్ చేతిలోనే పెట్టారు. మరుసటి ఆదివారం ఇమాం హుస్సేన్ కారు తోలుతుంటే ఆ రెక్కను ఆయన కళ్లారా చూశారు, నాగూర్ వలి టెంపోలో, మస్తాన్‌బీ సీటు వెనక కూర్చుని. ముందు సీటు ఆమె ఇవ్వలేదు.

ఇమాం హుస్సేన్ ఉద్యోగం పోలేదు. అరవై దాటకూడదన్న మాట కూడా పోలేదు. దాటేటప్పుడు ఒకరోజు ముందు చెప్పమన్నారు, టెంపో మాట్లాడుకోవాలి గనుక.

— జయకుమారి, అరవై ఆరేళ్లు. పుట్టి పెరిగింది ప్రత్తిపాడు, మస్తాన్‌బీ పక్కిల్లు. ఇప్పుడు వాడరేవులో చిన్న కూతురి దగ్గర ఉంటున్నాను.