కదిరమ్మ తోటలో గున్న ఏనుగు

ఆ రోజు గంగాధరప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున తొమ్మిది గంటలకల్లా పని ముగించుకుని, స్నానం చేసి, భార్య లక్ష్మక్కతో కలిసి మంగళవాడలో మేనకోడలి బిడ్డకు పేరు పెట్టే పండుగకు వెళ్లాలి. తిరుమణి సోలార్ పార్కులో ఆయన ట్రాక్టరుకు కట్టిన నీళ్ల ట్యాంకర్ తోలుతాడు. ఆ నీళ్లు వస్తేనే ముప్పై మంది ఆడవాళ్లు ప్యానెళ్ల మీది దుమ్ము కడగడం మొదలుపెడతారు.

త్వరగా చేరాలని ఆయన రోడ్డు వదిలి కదిరమ్మ చేని గట్టు మీదుగా ట్రాక్టరు తోలాడు. ఆ చుట్టుపక్కల భూమిని సోలారుకు ఇవ్వని మనిషి కదిరమ్మ ఒక్కతే. బోరు పక్కన కొంచెం అరటి పెట్టి బిడ్డల్లా సాకుతోంది. "ఈ రాళ్లలో అరిటి పెట్టినావు, ఏనుగలేమన్నా సాకుతావా అక్కా?" అని గంగాధరప్పే ఎన్నోసార్లు ఎగతాళి చేశాడు.

గట్టు తిరిగేచోట ట్యాంకర్ వెనక చక్రం జారింది. బండి పక్కకు ఒరిగి, గెలలేసిన తొమ్మిది చెట్లను నేలమట్టం చేసింది. ఎలాగో తంటాలు పడి బండిని పైకి లాగి, దిగి చూశాడు. ఆయనకు పడిన చెట్లకన్నా ముందు కదిరమ్మ ముఖం గుర్తొచ్చింది. వెళ్లి నిజం చెప్పాలనే అనుకున్నాడు. కానీ అంతలోనే ఆయన చేతులు ట్యాంకర్ పైపు తిప్పి, చక్రాల గుర్తుల మీద నీళ్లు వదిలేశాయి.

బండిని రోడ్డు మీద పెట్టి వచ్చేసరికి కదిరమ్మ, కోడలు పుష్పావతి చేలో నిలబడి ఉన్నారు.

"ఎవురప్పా గంగాధరా ఈ పని చేసినారు?" అంది కదిరమ్మ నెమ్మదిగా.

"తెలీదక్కా" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. "ఏనుగ పని మాదిరి ఉండాది."

రాష్ట్ర సరిహద్దు అవతల ఏదో ఏనుగు తిరుగుతోందని, కనిపిస్తే దగ్గరికి పోకుండా ఫోన్ చేయాలని అటవీశాఖవాళ్లు పంచాయతీ గోడకు కాగితం అంటించి వారమైంది. పుష్పావతి ఎక్కడ ఏ నంబరు కనిపించినా ఫోన్లో దాచుకునే మనిషి. అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"అడుగుల గుర్తులు చెరపొద్దంట మామా. వాళ్లొచ్చి కొలుస్తారంట. రోంతసేపు నువ్వు కావలుండు" అని చెప్పి, అత్తను ఇంటికి తీసుకుపోయింది.

చెరపడానికి అక్కడ అడుగులుంటే కదా. ఉన్నదంతా బురదే. గంగాధరప్ప నాలుగు దిక్కులా చూసి, ట్యాంకర్‌కు తగిలించిన ప్లాస్టిక్ బకెట్ తెచ్చి, దాని అడుగు భాగాన్ని బురదలోకి అదిమాడు. బకెట్ అడుగున ఉబ్బెత్తుగా ఉన్న కంపెనీ పేరు కూడా పడింది. దాన్ని బొటనవేలితో రుద్దాడు. యాభై రెండేళ్ల మనిషి బురదలో గొంతుక్కూర్చొని, ఏనుగు ఏ కాలు ముందు వేస్తుందో ఊహించుకుంటూ ఎనిమిది అడుగులు వేయించాడు. తనను ఎవరూ చూడకపోయినా ఆయన చెవులు కాలిపోయాయి.

గంట తిరిగేలోపు రేంజర్ శిల్పశ్రీ, గార్డు నందీశ్ జీపులో వచ్చారు. ఆమె బురదలో మోకాళ్ల మీద కూర్చొని టేపుతో గుర్తు చుట్టూ కొలిచింది. ఇప్పుడు నవ్వుతుందని గంగాధరప్ప ఎదురుచూశాడు. ఆమె నవ్వలేదు. ముఖం గంభీరమైంది.

"ముందరి కాలి చుట్టుకొలతకు రెండింతలు ఏనుగ ఎత్తు" అంది. "ఈ లెక్కన ఇది నాలుగున్నర అడుగులే. గున్న. గున్న ఒంటరిగా తిరగదు. పిల్ల కోసం తల్లి ఈడే యాడో వెతుకుతాంటాది. అది మనిషి కనపడితే వదలదు."

బకెట్ చిన్నదైపోయిందని గంగాధరప్పకు అప్పుడు తెలిసింది.

ఆ తరువాత ఆయన చేతిలో ఏమీ లేకుండా పోయింది. పంచాయతీ ఆటో మైకు పెట్టుకుని వీధులన్నీ తిరిగింది. బడి మూసేశారు. ప్యానెళ్లు కడిగే ఆడవాళ్లను ఆ పూటకు ఇళ్లకు పంపేశారు. మంగళవాడ దారికి తాడు కట్టేశారు. పట్టుచీరలో బయలుదేరిన లక్ష్మక్క ఆ తాడు దగ్గరే ఆగిపోయి, అటునుంచి భర్త దగ్గరకు వచ్చింది.

"ఆడ మనకోసరం బిడ్డకు పేరు పెట్టకుండా కూర్చోనుండారు. ఆ ఏనుగ ఈ దినమే రావల్లనా?"

"దానికేం తెలుసు" అన్నాడు గంగాధరప్ప, భార్య ముఖం చూడకుండా.

కదిరమ్మ ఇంట్లోనుంచి తొట్టెడు నీళ్లు మోయించుకొచ్చింది. "చెట్లు పోతే పోనీ. పసిది, తల్లి తప్పినాది. ఒక్క గెలైనా తినకుండా పోయిందే" అని కళ్లు తుడుచుకుంది.

"తిండీ నీళ్లూ పెట్టొద్దవ్వా" అంది శిల్పశ్రీ. "అలవాటైతే మళ్లా మళ్లా వస్తాది. అది దానికీ ముప్పే, మీకూ ముప్పే."

కదిరమ్మ తొట్టిని వెనక్కి పంపి, తాను మాత్రం గట్టు మీద నిలబడింది. ఫోన్లు ఎత్తుకుని, టపాకాయలు తీసుకుని వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే ఆపింది. "అరవాకండి నాయనా. పిల్ల బెదురుతాది." మూడు వందల మంది ఆమె మాట విని, దూరంగా, చప్పుడు లేకుండా నిలబడ్డారు. అంతమందిలో గంగాధరప్ప ఒక్కడికే ఆ నిశ్శబ్దం భరించరానిదైంది.

అప్పుడే శిల్పశ్రీ నందీశ్‌తో అన్న మాట ఆయన చెవిన పడింది. "హాసన్ పక్క బడి దగ్గరికి ఏనుగల మంద దిగిందని పోతాండారే, ఆ తరిమే దళాన్ని ఇట్లా తిప్పమని అడుగు. తల్లి తప్పిన గున్న అని చెప్పు."

ఎక్కడో నిజమైన ఏనుగులున్నాయి. నిజమైన బడిలో నిజమైన పిల్లలున్నారు. గంగాధరప్ప జనం మధ్యలోనుంచి ముందుకు వచ్చాడు.

"వాళ్లను పిలవాకండి మేడం."

"ఎందుకు?"

"అది గున్న కాదు."

"మరేంది?"

"బకెట్టు."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన బకెట్ తెచ్చి, గుర్తుల పక్కనే మరొకటి వేసి, ట్యాంకర్ జారిన దగ్గరనుంచి అంతా చెప్పాడు. శిల్పశ్రీ కొత్త గుర్తులోని కంపెనీ పేరు చదివింది. "పొద్దున దీన్ని రుద్దకుండా ఉండింటే మా అందరికీ శ్రమ తప్పేది" అని, నందీశ్ చేతిలోని ఫోన్ తీసుకుని ఆ దళాన్ని హాసన్‌కే పొమ్మంది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత మూడు వందల మందీ నవ్వారు. కొడతారనుకుని సిద్ధపడి వచ్చిన గంగాధరప్పకు ఆ నవ్వు తట్టుకోవడం చేతకాలేదు. లక్ష్మక్క కొంగు ముఖానికి కప్పుకుంది. కదిరమ్మ మాత్రం నవ్వలేదు.

"అయితే ఆ పిల్ల లేదా?"

"లేదక్కా."

ఆమె గట్టు మీద కూలబడింది. "బిడ్డ తప్పిపోలేదు, అంతే చాలు. నువ్వు మాత్రం నా కండ్లకు కనపడాక" అంది.

గంగాధరప్ప శిల్పశ్రీ ముందు తల వంచుకుని నిలబడ్డాడు. "కేసు పెట్టండి మేడం."

ఆమె జనం వైపు చూసింది. "పన్నెండేండ్లుగా ఏనుగల వెనక తిరుగుతాండా. యాడ చూసినా రాళ్లు, టపాకాయలు, సెల్ఫీలు. ఇంత ఒద్దికగా నిలబడిన ఊరిని ఇదే చూడ్డం. ఏం చేద్దాం, ఏనుగ లేదు." జీపు బానెట్ మీద కాగితం పెట్టి, జరిగిందంతా ముందుజాగ్రత్తకు చేయించిన మాక్ డ్రిల్ అని రాసింది. "కేసు వద్దు. ఏనుగల జాగ్రత్తలు చెప్పేదానికి నందీశ్ పోయే ప్రతి ఊరికీ నువ్వూ పోవల్ల. అబద్ధం ఫోను ఎంతమందిని నిలబెడతాదో నీ నోటితోనే చెప్పల్ల."

"కేసే మేలు మేడం" అని బతిమాలాడు. ఆమె వినలేదు.

మరునాడు ఆయన తొమ్మిది అరటి పిలకలు తెచ్చి ఆమె చేలో నాటాడు. కదిరమ్మ ఇంట్లోనుంచి బయటికి రాలేదు. ఆ ఆదివారం మొదటి సభ మంగళవాడలోనే జరిగింది. పండుగలో తన కోసం ఎదురుచూసిన చుట్టాలంతా వచ్చి కూర్చున్నారు. బస్సెక్కి వచ్చిన కదిరమ్మ ముందు వరుసలో ఉంది. గంగాధరప్ప గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. సిగ్గుతో ఆయన మింగేసిన ప్రతి ముక్కనూ ఆమె లేచి నిలబడి, అందరికీ వినబడేలా పూర్తి చేసింది.