నూటికి నూరు మార్కుల భద్రత

కరీంనగర్‌కు, హుస్నాబాద్‌కు నడుమ ఉన్న ఆ పారిశ్రామిక శిక్షణ సంస్థలో భద్రతకు ఇక ఏ లోటూ లేదని అందరికీ తెలియజేయడమైనది. భద్రతా పరిజ్ఞాన పరీక్షలో బోధకులందరికీ నూటికి నూరు మార్కులు వచ్చాయి. కుట్టుపని నేర్పే పద్మలతకూ, వెల్డింగ్ నేర్పే మోయిజ్‌కూ సమానంగానే వచ్చాయి. పరీక్ష రాసేటప్పుడు వారు పక్కపక్కనే కూర్చోవడం కేవలం యాదృచ్ఛికం.

ఇంతటి విజయానికి అభినందన సభ పెట్టారు. కరెంటు పని నేర్పే ఓంప్రకాశ్ పొద్దున్నే హాల్లోకి వచ్చేసరికి, ‘భద్రతే మన ఊపిరి’ అన్న ఫ్లెక్సీని సరిగ్గా మెయిన్ స్విచ్ మీదుగా కడుతున్నారు.

“సార్, స్విచ్చు కనవడకుంట అయితది. జర పక్కకు కట్టిపిద్దాం,” అన్నాడు ప్రిన్సిపాల్ రాంచందర్‌తో.

“ఫొటోల గా డబ్బా పడితే మంచిగుండదు ఓంప్రకాశూ. నువ్వు పరేషాన్ గాకు.”

మైకుకు ఎర్తింగ్ ఉందా అని కూడా ఓంప్రకాశ్ అడగబోయాడు. పూటకు ఒక అభ్యంతరమే మర్యాద అనిపించి ఊరుకున్నాడు.

సభ మొదలైంది. రాంచందర్ మైకు స్టాండును గట్టిగా పట్టుకుని, “భద్రతను మనోళ్లు పుస్తకంల సదువలే, రక్తంల...” అంటూ ఆగిపోయాడు. గొంతు వణికింది. “ర... ర... రక్తంల...” కళ్లలో నీళ్లు తిరిగాయి. సభ కదిలిపోయింది. చప్పట్లు మారుమోగాయి. పద్మలత కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మోయిజ్ “వాహ్, క్యా బాత్ హై సార్!” అంటూ లేచి నిలబడ్డాడు.

ఓంప్రకాశ్ మాత్రం స్టాండును వదలలేకపోతున్న ఆ పిడికిలిని చూశాడు. షాక్ తగిలిన మనిషిని ముట్టుకోరాదు, ముందు మెయిన్ ఆపాలి. పరీక్షలో అందరూ సరిగ్గా రాసిన జవాబే అది. ఒక్క ఉదుటున పోయి ఫ్లెక్సీని నిలువునా చింపాడు. దాని మీది ఫొటోలో ముఖ్య అతిథి ముఖం రెండు ముక్కలైంది. స్విచ్ ఆపగానే ఫ్యాన్లు ఆగాయి. “మళ్ల కరెంటు పోయింది,” అని జనం విసుక్కున్నారు. రాంచందర్ కుర్చీలో కూలబడ్డాడు.

తేరుకున్నాక ఆయన అడిగిన మొదటి మాట: “ఫ్లెక్సీ ఎవరు చింపిండ్రు?”

“నేనే సార్. మీకు షాక్ కొట్టింది. మైకుకు ఎర్తింగ్ లేదు.”

“గది చూస్కోవాలని ఎవ్వలకు తెల్వదా?”

“అందరికీ తెల్సు సార్. అందరికీ నూటికి నూరొచ్చినయ్.”

మర్నాడు ఫ్లెక్సీ చింపినందుకు ఓంప్రకాశ్‌కు మెమో వచ్చింది. తీసుకుని సంతకం పెట్టాడు. మనిషి బతికాడు కదా అనుకున్నాడు.

మరుసటి నెల మళ్లీ సభ జరిగింది. ఈసారి ఎవరినీ అడగకుండా ఓంప్రకాశే ఎర్తింగ్ వేసి, టెస్టర్ పెట్టి మరీ చూసుకున్నాడు. రాంచందర్ అరగంటసేపు ఒక్క తడబాటూ లేకుండా మాట్లాడాడు. జనం ఆవలించారు.

బయటికి వస్తూ పద్మలత మోయిజ్‌తో అంది: “పోయినసారి సారు ఎట్ల పాణం పెట్టి మాట్లాడిండు! గీసారి ఎవలో మైకు ఖరాబ్ చేసిండ్రు.”