దండెపు తీగపై సత్యప్రకాష్ సాధించిన మహావిజయము

తాండవ కాలువనీట పచ్చబడిన నాతవరపు వరిచేలకును, బలిఘట్టపు గుడిగంటలకును చేరువన, షేరాటోల హారన్‌నినాదములచే దిక్కులు పిక్కటిల్లు నర్సీపట్నమను పట్టణరాజమున, క్రీస్తుశకము రెండువేల మూడవ సంవత్సరమున, ఫిబ్రవరి మాసపు శనివారములందు, ఒక రాగితీగకై జరిగిన ఘోరసంగ్రామమును వినుడు. దానివలన ఎవరి కొంపయు మునగలేదు. అయినను చెప్పెదను, నాకు ఒళ్ళు మండుచున్నది గనుక.

ఆ సంగ్రామవీరుడు సత్యప్రకాష్. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠములు చెప్పువాడు, ఇంటనుండియే గాలిలో మాటలు పంపి దూరపువారితో ముచ్చటించు హామ్ రేడియో లైసెన్సుధారి, సోల్డరుధూమధూసరితశ్మశ్రుడు, స్వగుణకీర్తనధురంధరుడు, అర్ధాంగీవచనబధిరుడు. ఆతడు పెరటి కొబ్బరిచెట్టు నడుమునుండి డాబా పిట్టగోడ వరకు ఒక తీగ లాగి, దానికి ఏంటెనా యని పేరిడి, స్వహస్తనిర్మితమగు పవర్ యాంప్లిఫయరును దానికి తగిలించి, ప్రతి శనివారము ఉదయము తొమ్మిదింటికి యలమంచిలిలోని సాటి హామ్ క్రీస్తుదాసుతో, అచ్చట ఎండ కాయుచున్నదా లేదా యను లోకోత్తర విషయమును చర్చించుచుండెను. బస్సెక్కి పోయి ఆ ముక్క ముఖాముఖి అడిగి రావచ్చును. వీరులు బస్సెక్కరు కాబోలు.

ఆతని భార్య రాచెల్‌కు శనివారము తెల్లబట్టల దినము. మరునాటి ఆరాధనకు ఇంటిల్లిపాదియు తెల్లనివి కట్టవలెను గనుక, తెల్లవారగనే ఉతికి, నీలిమందు పెట్టి, ఎండలో ఆరవేయవలెను. ఆ పెరటిలో ఎండ తగులు చోటు ఆ తీగ ఒక్కటే. ఆమె దానిపై చీర వేసిన తక్షణము తీగకు పోవు కరెంటును చూపు ఆతని మీటరు ముల్లు కుప్పకూలెను, ఆతడు ఇల్లెగిరిపోవునట్లు అరచెను. చేయునది లేక ఆమె స్నానాలగది నీడన ఆరవేసినది. ఆదివారము చర్చిలో ఆమె ప్రక్కన కూర్చున్న వరలక్ష్మమ్మగారు ఆ ఆరీ ఆరని చీర ముక్కవాసనకు ముక్కుపై కొంగు పెట్టుకొని, మెల్లగా జరిగి కూర్చుండిరి. ఆ అవమానము రాచెల్ గుండెలో ముల్లై గుచ్చుకొన్నది.

ఇంటికి వచ్చి ఆమె ఒక్క మాటే అడిగినది.

“తడిగుడ్డ పడితేనే కూలిపోయింది, అదేటి మెషీనండీ?”

ఆ మాటకు సత్యప్రకాష్ కుర్చీనుండి లేచి, స్క్రూడ్రైవరును ఎత్తి, ఇట్లు ఘోషించెను.

“ఓసి ధవళవస్త్రక్షాళనపరాయణా, వినుము. ఔట్‌పుట్ ఇంపిడెన్సు అత్యున్నతమగు యాంప్లిఫయరు తాను పంపదలచిన కరెంటునే పంపును. ఆవలి తీగపై చీర పడనీ, దుప్పటి పడనీ, దానికి లెక్కలేదు. అట్టిదానిని నేను నిర్మించెదను. నాలుగవ శనివారమున నీ తడిచీర క్రింద ఈ ముల్లు ఐదవ గీతనుండి వెంట్రుకవాసి కదిలినచో, రేడియో అటకెక్కును, తీగ నీ దండెమగును.”

కదలకుంటే మీకేటి కావాలని ఆమె అడిగినది. తనకు విజయమే చాలునని ఆతడు సెలవిచ్చెను. ఇంతటి మేధావికి పందెములో తన వంతు అడుగుకొనవలెనను ఇంగితము లేకపోయెను.

అంతట యుద్ధము. మొదటి శనివారమున ఒంటరి ట్రాన్సిస్టరు ఒక చేతిరుమాలుకే లొంగి, ముల్లు మూడవ గీతకు జారెను. రెండవ వారమున ట్రాన్సిస్టరుపై ట్రాన్సిస్టరును ఎక్కించెను. నడుమ కరెంటు దాటకుండ ఆపు మైకాబిళ్ళ పెట్టుట మరచినందున రెండును మాడి, ఇల్లంతయు కమురుకంపు కొట్టెను. పిల్లలకు పాఠము చెప్పునప్పుడు ఈ పొరపాటుకే ఆతడు సున్న మార్కులు వేయును. మూడవ వారమున ఆతడు రాచెల్ యొక్క కుట్టుమిషను రీలును దారముతో సహా అపహరించి, దానిపై చోక్ కాయిల్ అను తీగచుట్టను చుట్టెను. చుట్లు చాలలేదు. ముల్లు అరగీత జారెను.

నాలుగవ శనివారము వచ్చెను. దిద్దని పరీక్షపేపర్లు గుట్టలుగా పడియుండగా, గడ్డము మాసిన ఆ మహారథుడు, కాయిల్ చుట్లను రెట్టింపు చేసి, మైకు మీట నొక్కెను. ముల్లు ఐదవ గీతపై నిలిచెను. రాచెల్ వెదురుకర్రతో ఆరుగజముల తడిచీరను ఎత్తి, తీగపై పరచినది. నీళ్ళు బొటబొట కారినవి. ముల్లు కదలలేదు. సత్యప్రకాష్ లుంగీ యెగగట్టి గదియంతయు గంతులు వేసెను.

రాచెల్ కిటికీ దగ్గరకు వచ్చి ముల్లును తేరిపార చూచినది.

“అయితే నా చీరవల్ల మీ మెషీనుకి ఏటీ కాదన్నమాట.”

“ఏమియు కాదు,” అని ఆతడు ఛాతీ విరిచెను.

“మరింకేటండీ,” అని ఆమె బకెట్టు తెచ్చినది. చొక్కాలు, లంగాలు, దిండుగలీబులు, ఒక్కొక్కటే తీగ నెక్కినవి. ముల్లు కదలలేదు. ఆతడు క్రీస్తుదాసును పిలిచెను. బదులుగా బుస్సుమను రొద తప్ప మరేమియు వినబడలేదు. కరెంటు మారలేదు, నిజమే. ఆ కరెంటు సత్తువనంతయు తడిబట్టలు పీల్చుకొనుచుండెను.

బట్టలు తీయుమనుటకు ఆతడు పెరటిలోనికి ఉరికెను. తీయుమన్నచో తన యంత్రము తడిచీరకు ఓడినదని ఒప్పుకొనవలెను. ఓడినచో తీగ ఆమెది. గెలిచినను, బట్టలవలన ఏమియు కాదని తానే చెప్పెను గనుక, ఆమెదే.

“ఈ దుప్పటి నాకందట్లేదు. కర్ర పట్టుకొని బేగి ఏసీండి,” అన్నది రాచెల్.

వేసెను.

కావున జనులారా, జయము సత్యప్రకాషునకు. పన్నెండు తడిబట్టల క్రింద, యలమంచిలి దాక పోని గొంతుతో ఆతడు మాటలాడుచుండగా, ముల్లు ఐదవ గీతపైననే నిలిచియుండెను. మరునాడు చర్చిలో రాచెల్ చీర కమ్మగా ఎండవాసన వేసినది. వరలక్ష్మమ్మగారు దగ్గరకు జరిగి కూర్చుండిరి.