ఫ్రిజ్‌లో పావురం పువ్వు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను.

మా స్నానాల గదిలో నీళ్ళ తొట్టి మీదుగా తీగ కట్టి నా చిట్టి ఆర్కిడ్లన్నిటినీ వేలాడదీశాను. సెమరాంగ్ ఎండల్లో వాటికి కావలసిన తేమ మా ఇంట్లో అక్కడే ఉంది మరి. ఒక్కో మొక్కా బొటనవేలంత. ఇంతవరకూ ఒక్కటీ పూసిన పాపాన పోలేదు.

"స్నానం చెయ్యాలంటే మీ మొక్కల అనుమతి తీసుకోవాలా? నిన్న చెంబెత్తితే నెత్తిన నాచు పడింది," అంది మా ఆవిడ వుర్యానీ.

"నాచు చలవ చేస్తుందోయ్!"

"అయితే మీ బుర్రకే పట్టించుకోండి. వచ్చేవారం కాక పైవారం, ఆదివారంనాడు అరిసాన్ మనింట్లో. వీధిలో ఆడవాళ్ళంతా చీటీ తియ్యడానికి వస్తారు. వాళ్ళ కళ్ళముందు ఒక్కటంటే ఒక్క పువ్వు చూపించండి, ఆ గది మీదే. లేదంటే తట్టాబుట్టా బయటికి!"

"వాళ్ళ కళ్ళముందే చూపిస్తా!" అనేశాను. నోరు జారడంలో నాకు నేనే సాటి.

నా ధైర్యమంతా వాటిల్లో కాస్త పెద్దదైన, కొబ్బరి చిప్పలో పెరుగుతున్న పావురం ఆర్కిడ్ మీద. మొగ్గలున్నాయి గానీ మహా మొండివి. ఉన్నట్టుండి వాన పడి ఒళ్ళు చల్లబడితే తప్ప కదలవు. చల్లబడితే మాత్రం తొమ్మిదోరోజు పొద్దున్నే పూసి, ఆ సాయంత్రానికే వాడిపోతాయి. ఇంత ఎండలో వాన ఎక్కణ్ణుంచి తేవాలి? ఫ్రిజ్‌లోంచి!

లెక్కచూసుకుని, అరిసాన్‌కి తొమ్మిది రోజుల ముందు శుక్రవారంనాడు వుర్యానీ బజారుకెళ్ళగానే ఫ్రిజ్‌లోని బాండెంగ్ చేపను తీసి బల్లమీద పెట్టి, ఆ చోట్లో కొబ్బరి చిప్పను కూర్చోబెట్టాను. చేప సంగతి పిల్లి చూసుకుంది.

నేను అనుకున్నదానికంటే ముందే ఆవిడ వచ్చేసింది. నేను గబుక్కున ఫ్రిజ్‌కి అడ్డంగా నిలబడ్డాను.

"జరగండి, చల్లటి నీళ్ళు కావాలి."

"ముట్టుకోకు! షాక్ కొడుతోంది!"

"మరి మీరు ఆనుకుని నిలబడ్డారే?"

"నాకు... అలవాటైపోయింది."

"చేపేదీ?"

"దానిక్కూడా కొట్టినట్టుంది. బయటికొచ్చేసింది."

ఆవిడ నావైపోసారి, మూతి నాక్కుంటున్న పిల్లివైపోసారి చూసి, మారుమాట్లాడకుండా టీ పెట్టుకుంది. పెళ్ళయిన మగవాడెవడైనా అక్కడే భయపడాలి. నేను సంబరపడ్డాను.

అరిసాన్ అనుకున్న ఆదివారం తెల్లవారేసరికి ఇల్లంతా గుప్పుమంది. చిప్ప నిండా తెల్లటి బుల్లి పూలు! బాతిక్ చొక్కా తొడుక్కుని, చిప్పను హాల్లో పెట్టి గుమ్మంలో నిలబడ్డాను. ఎంతకీ ఎవరూ రారే!

చివరికి ఎదురింటి కుస్రినీగారు పట్టు బట్టల్లో బయటికొచ్చారు. ఆవిడ గొంతు పుణ్యమా అని వీధంతా మైకు కుస్రినీ అంటాం.

"రండి రండి, అరిసాన్‌కి వేళయింది!" అన్నాను.

"అరిసాన్ రేపు కదండీ! ఇవాళ అందరం ఉంగరాన్ ఊళ్ళో పెళ్ళికి పోతున్నాం. వుర్యానీ కిందటి వారమే మార్చేసిందే, మీకు చెప్పలేదూ?" అని వీధి చివరిదాకా వినబడేలా అడిగారు.

"ఒక్క నిమిషం లోపలికొచ్చి..." అనేలోగా వ్యాను ఎక్కేశారు.

వెనక్కి తిరిగితే, వుర్యానీ పూలముందు కుర్చీ లాక్కుని తీరిగ్గా కాఫీ తాగుతోంది.

"ఆవేళ ఫ్రిజ్ తలుపు సందులోంచి ఆకు వేలాడుతోంది. మా నాన్న ఐసుముక్కలతో పూయించేవాడు ఈ పూలని. వేళ్ళమీద లెక్కపెట్టుకుని, పెళ్ళి వంకతో రేపటికి మార్చాను."

"రేపటికి ఇది తడిసిన కాగితంలా అయిపోతుందే!"

"అవుతుంది. పందెం ఏమిటి? వాళ్ళ కళ్ళముందు కదూ?"

నిజంగానే ఏడుపొచ్చింది నాకు. నా మొహం చూసి ఆవిడ పక్కన ఇంకో కుర్చీ వేసింది.

"కూర్చోండి. అంతమందీ మూగి ఫోటోలు దిగుతుంటే నేనెప్పుడు చూడను? ఒక్కరోజు పువ్వాయె. అందుకే పెళ్ళి కూడా మానేశాను."

కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నా మొక్కను ఆవిడ అంత ముద్దుగా చూడటం అదే మొదలు. ఓడిపోయినా సంతోషంగా ఉంది.

"అయితే స్నానాల గది..." అని మెల్లగా కదిపాను.

"పువ్వు వాడేదాకా కదలకండి. వాడగానే మొక్కలన్నీ బయటికి మొయ్యండి."

ఆ పువ్వు త్వరగా వాడకూడదని ఆవిడ ఎంత కోరుకుందో, నేను అంతకు రెట్టింపు కోరుకున్నాను.